పండుగ బూట్లు, ఎవరూ కోరని పార్సిల్

గత రంజాన్ చివరి రోజులలో ఒక మధ్యాహ్నం మా ఇంటికి ఒక పార్సిల్ వచ్చింది. దానిపై పేరు, చిరునామా సరిగానే ఉన్నాయి. చెల్లించవలసినది 799 రూపాయలు. ఆ సమయంలో ఇంట్లో అమ్మీజాన్ ఒక్కరే ఉన్నారు. మనవడు ఈద్ కోసం బూట్లు తెప్పించుకుని ఉంటాడని తలచి, ఎండలో నిలబడిన కుర్రవాణ్ణి ఆలస్యం చేయడం ఇష్టంలేక వెంటనే డబ్బు ఇచ్చి పంపారు. ఇఫ్తార్ తరువాత విప్పి చూస్తే లోపల పలుచని ప్లాస్టిక్ చెప్పులు, అవీ రెండు వేర్వేరు సైజులవి. ఇంట్లో ఎవరూ వాటిని ఆర్డర్ చేయలేదు.

మన పేరు, ఫోను నంబరు, చిరునామా సంపాదించడం మోసగాళ్లకు నేడు కష్టం కాదు. ఇంట్లో ఎవరు ఏమి తెప్పించుకున్నారో మిగిలినవారికి తెలియకపోవడమే వారి అసలు పెట్టుబడి. అందుకే మేము ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించాము. ఆర్డర్ చేసినవారు వస్తువు పేరు, ధర, డబ్బు ముందే చెల్లించారా లేదా అన్నది అందులో వ్రాయాలి. అందులో లేని పార్సిల్‌ను తిప్పి పంపాలి.

అబ్బాయి సంగతి కూడా చెప్పాలి. అతడు నిజంగానే బూట్లు వెతుకుతున్నాడు. ఎనిమిది వేల రూపాయల నైకీ బూట్లు 999కే అన్న ప్రకటన అతని ఫోనులో కనబడింది. అతనితోపాటు కూర్చొని ఆ సైటును పరిశీలించాము. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మకందారు పేరు, చిరునామా, వస్తువు తయారైన దేశం, ఫిర్యాదుల అధికారి వివరాలు కొనుగోలుదారుకు కనబడాలి. అక్కడ ఒక వాట్సాప్ నంబరు తప్ప మరేమీ లేదు. చేతికి వచ్చిన బూట్లకూ ఒక పరీక్ష ఉంది. నైకీ బూటు లోపలి లేబుల్ మీద అక్షరాలు, అంకెలు కలిసిన స్టైల్ కోడ్ ఉంటుంది. అట్టపెట్టె మీద కూడా అదే ఉండాలి. దానిని ఇంటర్నెట్‌లో వెతికితే అదే మోడల్, అదే రంగు కనబడాలి. కోడ్ కలవకపోతే గట్టిగా అనుమానించవలసిందే. కలిసినంత మాత్రాన అసలుదని నమ్మడానికీ వీలులేదు. నకిలీ చేసేవారు కోడ్‌ను కూడా అచ్చువేయగలరు.

ఇక్కడ ఒక చేదు మాట. "ఫస్ట్ కాపీ" పేరుతో ఇటువంటి బూట్లు అమ్మేవారు మన బస్తీలలో, మన బంధువులలో కూడా ఉన్నారు. తడిసిన ధాన్యాన్ని రాశి లోపల దాచిన వ్యాపారిని దైవప్రవక్త (స) మందలించిన సంఘటన మనకందరికీ తెలిసినదే. కొనేవాడికి చెప్పే అమ్ముతున్నామని కొందరు వాదిస్తారు. కాని తప్పుడు ట్రేడ్‌మార్కు ఉన్న సరుకును అమ్మడం 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం శిక్షార్హమైన నేరం.

డెలివరీ పేరుతో వచ్చే ఫోన్లు మరింత ప్రమాదకరం. చిరునామా సరిగా లేదు, ఈ లింకులో అయిదు రూపాయలు కట్టండి అంటారు. కొందరు స్టార్ 21 లేదా స్టార్ 401తో మొదలయ్యే ఒక నంబరు నొక్కమంటారు. అలా నొక్కితే, బ్యాంకు నుండి వచ్చే కాల్స్‌తో సహా మనకు రావలసిన కాల్స్ వారి ఫోనుకు మళ్లిపోవచ్చు. దానిని రద్దు చేయడానికి ##002# నొక్కాలి. డబ్బు వాపసు ఇస్తామంటూ యూపీఐ పిన్ అడుగుతారు. డబ్బు అందుకోవడానికి పిన్ అవసరమే లేదు. డెలివరీ ఓటీపీ కూడా పార్సిల్ గుమ్మం వద్దకు వచ్చినప్పుడే చెప్పాలి, ఫోనులో కాదు.

డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కు ఫోన్ చేయండి, బ్యాంకుకు తెలపండి. నకిలీ వస్తువును వాపసు తీసుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. పార్సిల్ విప్పేటప్పుడు లేబుల్ కనబడేలా వీడియో తీసి ఉంచితే ఫిర్యాదుకు బలం.

అబ్బాయి చివరకు బజారులోని దుకాణంలో తొడిగి చూసుకొని బూట్లు కొనుక్కున్నాడు. అమ్మీజాన్ మాత్రం ఆ 799 రూపాయల గురించి ఈద్ రోజు వరకూ బాధపడుతూనే ఉన్నారు. ఇప్పుడు గంట మోగితే ముందు ఫ్రిజ్ వద్దకు వెళ్లి కాగితం చూసుకొని, తరువాతే తలుపు తీస్తారు.