పాత బియ్యం మేలు... పాత పెట్రోలు చేటు!

బియ్యం పాతబడితే అన్నం పొడిపొడిగా వస్తుందని మురిసిపోతాం. పెట్రోలు సంగతి అలా కాదు. నిలవ ఉన్నకొద్దీ పాడవుతుంది. "అదేమన్నా పాలా, పెరుగా?" అంటారేమో! నేనూ అలాగే అనుకున్నాను, 2024 సెప్టెంబరు దాకా.

ఆ నెల 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వీధులు మునిగిపోయాయి. మా తోటికోడలు వాళ్ళుండేది అక్కడే, రెండో అంతస్తులో. చుట్టూ నీళ్ళు, కరెంటు లేదు. మా అత్తగారికి ఆయాసం. ఆవిడ మందు పీల్చే నెబ్యులైజర్ కరెంటు మీదే నడవాలి. మేడమీద చిన్న జనరేటరుంది, ఉగాదినాడు నింపిపెట్టిన పెట్రోలు డబ్బా ఉంది. ఇంకేం భయం అనుకున్నారు. మా మరిది అరచేతులు బొబ్బలెక్కేదాకా తాడు లాగాడు. అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మర్నాడు పడవ వచ్చేదాకా పక్కింటివాళ్ళ ఇన్వర్టరే ఆవిణ్ణి కాపాడింది.

నీళ్ళు తీశాక మెకానిక్ కార్బురేటర్ విప్పి చూపించాడు. సన్నటి రంధ్రంలో లక్కలాంటి జిగురు! "మిషను తప్పేం లేదమ్మా, పెట్రోలు పాతదైపోయింది" అన్నాడు.

ఎందుకు పాడవుతుంది?

పెట్రోలులో తేలిగ్గా ఆవిరయ్యే భాగమే ఇంజన్ని చప్పున అంటిస్తుంది. నిలవుంటే ముందు ఎగిరిపోయేది అదే. మిగిలినది గాలి తగిలి, పాత నూనెలాగే జిగురు కడుతుంది. పైగా ఇప్పుడు మన బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలో తేమని పీలుస్తుంది. ఆ తేమ ఎక్కువైతే నీళ్ళూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుక్కి చేరతాయి. ఆవకాయకి తడి తగిలినట్టే అనుకోండి! ఇంజను పీల్చుకునేది అడుగునుంచే కనుక మొరాయిస్తుంది. ట్యాంకు లోపల తుప్పు కూడా పడుతుంది.

మూత తీసి వాడుతున్న డబ్బాలో పెట్రోలు 30 డిగ్రీల వేడిలో సుమారు 3 నెలలు నిలుస్తుంది. బెజవాడ ఎండల్లో అంతకాలం కూడా నమ్మకండి. యంత్రం ట్యాంకులో ఉన్నదయితే నెల దాటనివ్వకండి. రంగు ముదిరినా, పుల్లటి వాసన వచ్చినా వాడొద్దు.

జనరేటరుకే కాదు, పొలం పనుల్లో వాడే తైవాన్ స్ప్రేయరుకీ, గడ్డి కోసే మిషనుకీ ఇదే జబ్బు. మినుముకి మందు కొట్టడం అయ్యాక స్ప్రేయర్ని అలాగే అటకెక్కిస్తాం. మళ్ళీ వరికి దించితే కదలదు. ఆయిలు కలిపిన పెట్రోలయితే ఏ పూటకి కావలసింది ఆ పూటే కలుపుకోవడం మంచిది.

ఇలా చేయండి

* డబ్బా మీద కొన్న తేదీ రాసి అతికించండి.

* అవసరమైనంతే కొనండి. వాడకపోతే నెలలోపే స్కూటర్లో పోయించేసి, డబ్బాలో కొత్తది పట్టించండి. పాడైనది మాత్రం స్కూటర్లో పోయొద్దు.

* నెలకోసారి జనరేటరుకి ఓ ఫ్యానో, లైటో తగిలించి పది, పదిహేను నిమిషాలు నడపండి.

* చాలాకాలం వాడరనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్లో మిగిలింది అయిపోయేదాకా ఇంజన్ని నడిపి ఆపండి.

* పాడైన పెట్రోలు కాలవలోనో, తూములోనో పారబోయకండి. మెకానిక్ షెడ్డుకి ఇచ్చేయండి.

ఇంట్లో ఎంత ఉండొచ్చు?

1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం, అమ్మకానికి కాకుండా సొంతానికి 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. గట్టి మూత ఉండాలి. గాజు, రాతి పాత్రలయితే లీటరుకి మించకూడదు. లోహపు డబ్బా అయితే 25 లీటర్ల దాకా ఉండొచ్చు. మంచినీళ్ళ ప్లాస్టిక్ సీసాల ఊసే చట్టంలో లేదు! పిల్లలు నీళ్ళనుకుని తాగేస్తే? అలా జరిగితే వాంతి చేయించొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

చట్టం ఒప్పుకుంది కదా అని వంటింట్లో పెట్టకండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేలమీద పాకుతూ పోయి గ్యాస్ స్టవ్వునో, దేవుడి దగ్గర దీపాన్నో అందుకుంటుంది. పట్టుచీర మీద మరకకి ఇంట్లో పెట్రోలు రాసే అలవాటుంటే మానేయండి. మెట్లకింద కూడా వద్దు. నిప్పంటుకుంటే పారిపోయే దారి అదే. ఇంటికి దూరంగా, నీడగా, గాలి ఆడేచోట, పిల్లలకి అందకుండా ఉంచండి. అపార్టుమెంటులో అలాంటి చోటు లేకపోతే అసలు నిలవ పెట్టకపోవడమే మేలు.

జనరేటర్ని ఎప్పుడూ ఆరుబయటే, కిటికీలకి దూరంగా నడపాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పెట్రోలు పోసేముందు ఇంజను ఆపి, చల్లారనివ్వండి. నిప్పంటుకుంటే నీళ్ళు పోయొద్దు. పెట్రోలు నీటిమీద తేలి మంటని ఇంకా పరుస్తుంది. పొడి ఇసుక చల్లండి.

ఇప్పుడు మా తోటికోడలు గ్యాస్ బండ మార్చిన తేదీ పక్కనే, క్యాలెండరు మీద పెట్రోలు తేదీ కూడా రాస్తోంది. "అక్కా, ఈసారి వానలకి తాడు ఒక్క లాగుకే అందుకోవాలి" అంటుంది. మీ ఇంట్లోనూ ఓ డబ్బా ఉందా? ఈ పుస్తకం మూసి, దాన్ని నింపి ఎన్నాళ్ళయిందో ఓసారి ఆరా తీయండి!