విలన్ పుట్టిన కథలు: 47 డ్రెస్సులు, 64 లక్షల మచ్చలు, ఒక్క శాలువా

సూరత్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకు తెర మీద హీరో కంటే ముందు గుడ్డ కనిపిస్తుంది. కనిపించదా మరి! కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మగ్గాల పనికి వెళ్లి లింబాయత్ చుట్టుపక్కల ఇళ్లు కట్టుకున్న పద్మశాలీలు వాళ్లు. అక్కడి మున్సిపల్ బడులు ఏడు భాషల్లో నడుస్తాయి, అందులో తెలుగు ఒకటి. గద్వాల, ధర్మవరం చీరల అంచుల్లో మెరిసే జరీకి పుట్టిల్లూ సూరతే. ఆ ఊరివాళ్లు చూసి తీరాల్సిన విలన్ ఒకతె ఉంది. పేరు క్రుయెల్లా.

విలన్లలో అతి ఎక్కువ బట్టలు మార్చిన ఘనత ఈమెదే అనొచ్చు. 2021లో వచ్చిన 'క్రుయెల్లా' నిడివి 134 నిమిషాలు. క్రుయెల్లాగా ఎమ్మా స్టోన్ కట్టిన వేషాలు 47. అంటే సగటున మూడు నిమిషాలు తిరక్కుండానే కొత్త డ్రెస్! ముఖ్య నటులందరివీ కలిపితే 277. పెళ్లివారి సారెలో కూడా ఇన్ని ఉండవు. కుట్టించిన జెన్నీ బీవన్‌కు 2022లో ఆస్కార్ వచ్చింది. ఆమెకది మూడోది.

ఆ 47లో రాణి, రేకుల లంగా. పోటీదారు బారొనెస్ కారెక్కబోతుంటే క్రుయెల్లా ఆ కారు పైకే ఎక్కి నిలబడుతుంది. లంగా జారి కారంతటినీ కప్పేస్తుంది. ఆ లంగాకు చేత్తో కుట్టిన రేకులు 5,060. తెర మీద ఉండేది కొన్ని క్షణాలే.

అతి చిన్న ఆయుధం చమ్కీ గింజంత. బారొనెస్ కోసం క్రుయెల్లా ఒక గౌను కుడుతుంది. దాని మీద బంగారు రంగులో మెరిసే పూసలు వందలకొద్దీ. అవి పూసలు కావు, పురుగు గూళ్లు. ఒక రాత్రి తాళం వేసిన గదిలో అవన్నీ పగిలి, చిమ్మటలు లేచి, సీజన్ సరుకు మొత్తాన్ని తినేస్తాయి. మామూలు ప్రేక్షకుడు నవ్వుకుంటాడు. గోడౌన్‌లో సరుకున్నవాడి గుండె ఝల్లుమంటుంది. ఏ విలన్ చేతిలోని కత్తికీ ఇంత భయం పుట్టదని నా లెక్క.

అతి వేగంగా మారిన డ్రెస్సూ ఈ సినిమాలోనే. నలుపు తెలుపు బట్టలు మాత్రమే కట్టుకురావాల్సిన విందుకు ఆమె తెల్లటి పైవస్త్రం కప్పుకొని వస్తుంది. నిప్పంటించుకుంటుంది. తెలుపు కాలిపోయి లోపలి ఎర్ర గౌను బయటపడుతుంది. పోగు కాల్చి వాసన చూసి పట్టో పాలియెస్టరో తేల్చే వ్యాపారులకు ఆ తెల్లగుడ్డ ఏమిటో అడగాలనిపించడం ఖాయం.

అతి ఎక్కువ మచ్చలున్న సినిమా ఏది? క్రుయెల్లా మొదట వెండితెరకెక్కిన 1961 నాటి డిస్నీ కార్టూన్. నిడివి 79 నిమిషాలే. కుక్కల ఒంటిమీద గీసిన నల్లమచ్చలు మాత్రం డిస్నీ వారి లెక్కలో 64,69,952. తండ్రి కుక్క పోంగోకు 72, తల్లి పెర్డిటాకు 68, పిల్లలకు తలా 32. అన్ని మచ్చల కోసం ఆశపడిన ఆడమనిషికి ఒక గతం ఉంటుందని చెప్పడానికి సినిమావాళ్లకు 60 ఏళ్లు పట్టింది.

అతి ఎక్కువ బరువు వదిలించుకున్న విలన్ పోటీలో ముందుండేది 'జోకర్' (2019). వాకిన్ ఫీనిక్స్ తగ్గింది సుమారు 24 కిలోలు. సినిమాకు ఆస్కార్ నామినేషన్లు 11. అమెరికాలో 'ఆర్' సర్టిఫికెట్ పొంది వంద కోట్ల డాలర్లు దాటిన తొలి సినిమా ఇదే. అంతకుముందు ఇదే జోకర్ వేషానికి హీత్ లెడ్జర్‌కు మరణానంతరం ఆస్కార్ వచ్చింది. ఒకే పాత్ర, ఇద్దరు నటులు, రెండు ఆస్కార్లు. అలాంటి ఘనత వీటో కార్లియోనీకి ముందే ఉంది: ముసలి డాన్‌గా మార్లన్ బ్రాండో, కుర్ర డాన్‌గా రాబర్ట్ డినీరో.

అతి పొడవైన పుట్టుకథ డార్త్ వేడర్‌ది. 1977 మే 25న తెరకెక్కిన ఈ నల్లముసుగువాడు ఎలా చెడ్డవాడయ్యాడో చెప్పడానికి జార్జ్ లూకాస్ 1999, 2002, 2005లలో మూడు సినిమాలు తీశాడు. కలిపితే దాదాపు ఏడు గంటలు!

అదే 1977. జనవరి 14, సంక్రాంతి. ఎన్టీఆర్ 'దానవీరశూర కర్ణ' విడుదల. నిర్మాత ఆయనే, దర్శకుడు ఆయనే, కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు కూడా ఆయనే. 53 ఏళ్ల వయసులో మూడు కిరీటాలు. దాదాపు నాలుగు గంటల సినిమాను 43 రోజుల్లో ముగించారని చెబుతారు. కొండవీటి వెంకటకవి మాటలు రాశారు. కులం అడిగి కర్ణుణ్ని పక్కన పెట్టినవాళ్లను నిండుసభలో నిలదీసేది దుర్యోధనుడే. భానుమతిగా ప్రభతో అతనికి డ్యూయెట్ కూడా పడింది. విలన్‌కు డ్యూయెట్! అదే రోజు పోటీగా కృష్ణ 'కురుక్షేత్రం' వచ్చింది. జనం ఎటు పోయారో చెప్పక్కర్లేదు. దుర్యోధనుడి డైలాగులు ఇవాళ్టికీ పిల్లల ఏకపాత్రాభినయాల్లో మోగుతూనే ఉన్నాయి. లూకాస్‌కు మూడు సినిమాలు పట్టిన పని ఇక్కడ ఒక్క దాంతో అయిపోయింది.

అతి క్రూరమైన పుట్టుకథ శకునిది. 'శ్రీకృష్ణ పాండవీయం' (1966)లో ధూళిపాళ శకుని. బంధించిన గాంధార రాజులకు దుర్యోధనుడు పెట్టేది మనిషికి పిడికెడు మెతుకులు. అందరూ తమ వాటా శకునికే ఇచ్చి ప్రాణాలు వదులుతారు. తండ్రి ఎముకలతో చేసిన పాచికలు చేతికొస్తాయి. ఆ తర్వాత కురువంశం మొత్తం రెండు చిన్న పాచికలకు బలి. క్రుయెల్లా పగ దీని ముందు పసిపిల్లల అలక.

అతి పాత పుట్టుకథకు పోటీయే లేదు. వైకుంఠ ద్వారపాలకులు జయవిజయులు శాపగ్రస్తులు. భక్తులుగా ఏడు జన్మలా, శత్రువులుగా మూడా అంటే మూడే చాలన్నారు. హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు. స్వామి దగ్గరికి అడ్డదారిలో చేరడానికి విలన్లయినవాళ్లు ప్రపంచ సినిమాలో ఇంకెవరూ దొరకరు.

ఆ హిరణ్యకశిపుడే తెలుగు టాకీకి తొలి విలన్. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన 'భక్త ప్రహ్లాద'లో మునిపల్లె సుబ్బయ్య వేసిన పాత్ర. 1967లో అదే గద్దె ఎస్వీ రంగారావు ఎక్కారు. 2025లో 'మహావతార్ నరసింహ' 300 కోట్లు దాటి మన దేశంలో అతి పెద్ద యానిమేషన్ హిట్ అయింది. తొలి టాకీ నుంచి 93 ఏళ్లు, డిమాండ్ తగ్గని విలన్.

అతి ఎత్తైనవాడు మాత్రం రావణుడే. 2019లో చండీగఢ్‌లో నిలబెట్టిన దిష్టిబొమ్మ 221 అడుగులు, మూడు తాటిచెట్లు ఒకదానిపై ఒకటి నిలబెట్టినంత. పది తలలు తెర మీద నమ్మేట్టు కనిపించింది 1961 జనవరి 6న వచ్చిన 'సీతారామ కల్యాణం'లో. రవికాంత్ నగాయిచ్ కెమెరా పనితనం, కదలకుండా నిలబడ్డ ఎన్టీఆర్ ఓపిక. దర్శకుడిగా ఆయనకదే మొదటిది, అయినా తెర మీద పేరు వేసుకోలేదు.

సొంత భాష సంపాదించిన విలన్లు కాలకేయులు. 'బాహుబలి' (2015) కోసం మదన్ కార్కీ అల్లిన కిలికికి 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు.

ఇక అతి తక్కువ గుడ్డతో నెగ్గిన రికార్డు సూరత్‌దే. 1938 జూలై 9న ఆ ఊళ్లో పుట్టిన హరిహర్ జరీవాలా, అంటే సంజీవ్ కుమార్. ఇంటిపేరులోనే జరీ! 'నయా దిన్ నయీ రాత్' (1974)లో తొమ్మిది పాత్రలు వేశాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందు తెలుగు 'నవరాత్రి'లో అక్కినేని, ఆయనకు రెండేళ్ల ముందు తమిళంలో శివాజీ గణేశన్ మోసిన భారమే అది. 'షోలే' (1975) కథ విన్నప్పుడు ఆయన మనసు పడింది గబ్బర్ సింగ్ మీద. దక్కింది ఠాకూర్. చేతులు పోయిన ఆ పాత్రకు వేషం ఒక్క శాలువా. క్రుయెల్లా 47 డ్రెస్సుల్లో చెప్పిన పగను ఆయన ఆ ఒక్క శాలువాలో చెప్పాడు. గబ్బర్‌కేమో పుట్టుకథే లేదు. ఎందుకు చెడ్డాడో అడిగినవాడు లేడు. అయినా ఆ సినిమా ముంబై మినర్వాలో అయిదేళ్లు ఆడింది. 2012లో గబ్బర్ సింగ్ పేరునే తెలుగు హీరో ఒకాయన పోలీసు యూనిఫాం మీద తగిలించుకున్నాడు.