పోపు పెడితే ఫైర్ అలారం మోగింది! నా ప్రపంచ వంటలు అక్కడ్నుంచే మొదలు

మాది రావులపాలెం. అరటిగెలల మార్కెట్ అంటే టక్కున గుర్తొస్తుంది చూడండి, ఆ ఊరే. ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చేసి వచ్చాను. ఈ ఎపిసోడ్‌లో చదువు గురించి కాదు, అక్కడి వంటింటి గురించి మాట్లాడుకుందాం. ఈ ఏడాది ఫ్లైట్ ఎక్కబోయేవాళ్లు చివరిదాకా వినండి, పనికొస్తుంది.

ముందు నా పరువు పోయిన కథ. వెళ్లిన రెండో వారం. హాస్టల్లో ఆరుగురికి ఒకటే కిచెన్. రాత్రి తొమ్మిదింటికి పప్పుచారు కాచి, అచ్చం మా అమ్మలాగే పోపు పెడుతున్నా అనుకుని, నూనె పొగలొచ్చేదాకా కాచి ఎండుమిర్చి వేశాను. ఘాటు పోవాలని కిచెన్ తలుపు కూడా తీసిపెట్టాను. పొగంతా కారిడార్‌లోకి వెళ్లింది. అంతే, అలారం! బిల్డింగ్ మొత్తం ఖాళీ చేయించారు. ఆ చలిలో అందరూ నైట్ డ్రెస్సుల్లో రోడ్డు మీద, నేను గరిటె పట్టుకుని వాళ్ల మధ్యలో. మర్నాడు మెయిల్ వచ్చింది, మళ్లీ జరిగితే ఫైన్ అని.

ఆ తర్వాత మూడు వారాలు స్టవ్ ముట్టుకోలేదు. బ్రెడ్డూ, జామూ, ఇంటినుంచి తెచ్చుకున్న ఆవకాయ. అదీ అయిపోయింది. బయట తిందామంటే నాన్న తీసుకున్న లోన్ గుర్తొచ్చేది. అమ్మ వీడియో కాల్‌లో "ఏం తిన్నావు నాన్నా?" అంటే "పప్పు, కూర" అని అబద్ధం చెప్పేవాణ్ణి. కిచెన్‌లోకి ఎవరైనా వస్తే నేను బయటికి జారుకునేవాణ్ణి. మనిషితో మాట్లాడి ఎన్ని రోజులైందో లెక్క కూడా పోయింది.

ఒకరోజు సాయంత్రం రూమ్‌లో ఉండగా వాసన వచ్చింది. గోంగూర! భ్రమేమో అనుకున్నా. వెళ్లి చూస్తే మా ఫ్లాట్‌లో ఉండే బర్మా అమ్మాయి పుల్లాకు వేయిస్తోంది, రొయ్యలు వేసి. దాన్ని వాళ్లు 'చిన్ బౌంగ్' అంటారట. మన గోంగూర కుటుంబం మొక్కే. మన ఇళ్లలో గోంగూర రొయ్యలు ఎలా ఉంటాయో మీకు తెలుసు కదా? ఆ ప్లేట్ ముందు కూర్చుని నేను ఏడవలేదు గానీ, దాదాపు ఏడ్చినంత పనైంది.

ఇక్కడ చిన్న చరిత్ర చెప్పాలి. కాకినాడ దగ్గర కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. మన తీరం నుంచి వేలమంది పనికోసం ఓడలెక్కి రంగూన్ వెళ్లారు. అందుకే బర్మాలో తెలుగువాళ్లని 'కోరంగీలు' అనేవారు. 1962లో అక్కడ సైనిక పాలన వచ్చాక, ఆ దశాబ్దంలో చాలామంది తిరిగొచ్చేశారు. విశాఖలో బర్మా నుంచి వచ్చినవాళ్ల కాలనీలు అలా ఏర్పడ్డవే. అంటే గోదావరి వాడు పరాయి దేశంలో పొయ్యి వెలిగించుకోవడం నాతో మొదలవ్వలేదండి.

ఆ రోజునుంచి నాకో పద్ధతి దొరికింది. కొత్త దేశం వంట చూసినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవడం.

ఒకటి, పులుపు ఎక్కడ్నుంచి వస్తోంది? థాయ్‌లాండ్ వాళ్ల పాడ్ థాయ్ నూడుల్స్‌లో ఉండేది చింతపండే. మెక్సికోలో చింతపండుతో కూల్‌డ్రింకే చేసుకుంటారు. ఎర్ర గోంగూర కాయ మీది కండగల రేకులతో ఈజిప్టులో 'కర్కదే' అనే షర్బత్ కాస్తారు. పులుపు తెలిస్తే సగం వంట తెలిసినట్టే.

రెండు, పోపు ఏంటి? మసాలాల వాసనలో చాలా భాగం నీళ్లలో కన్నా నూనెలో బాగా కరుగుతుంది. అందుకే అందరూ ఏదో ఒకటి కొవ్వులో వేయిస్తారు. ఫ్రెంచ్ వాళ్లు ఉల్లిపాయ, క్యారెట్, సెలెరీ సన్నగా తరిగి వెన్నలో మెల్లగా మగ్గిస్తారు. స్పెయిన్ వాళ్లది ఉల్లి, వెల్లుల్లి, టమాటా. చైనా వాళ్లది అల్లం, వెల్లుల్లి, ఉల్లికాడలు.

మూడు, పిండి ఏంటి, దాన్ని ఏం చేస్తున్నారు? ఇథియోపియాలో టెఫ్ అనే గింజ పిండిని కొన్ని రోజులు పులియబెట్టి, దోసెలా పోసి, తిప్పకుండా ఒకవైపే కాలుస్తారు. పేరు ఇంజెరా. ఇక మా వియత్నాం ఫ్రెండ్ రైస్ పేపర్ తీస్తే నేను "ఇది ఆత్రేయపురం రేకు కదా!" అని అరిచాను. మనవాళ్లు పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండమీద పరిస్తే రేకు వెంటనే వచ్చేస్తుంది. వాళ్లేమో మరుగుతున్న నీళ్ల గిన్నెకి గుడ్డ బిగించి, దానిమీద పిండి పోసి, ఆవిరికి ఉడికించి, వెదురు తడికలమీద ఆరబెడతారు. మనం నెయ్యి, బెల్లం పెట్టి చుడతాం, వాళ్లు రొయ్యలు, ఆకుకూరలు పెట్టి చుడతారు. మన పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు వచ్చిందని చెప్తే వాడు ఫోన్ తీసి వీడియోలు వెతుక్కున్నాడు.

జాగ్రత్తలు కూడా చెప్తాను, వినండి. వండిన అన్నం రాత్రంతా బయట వదిలేసి మర్నాడు ఫ్రైడ్ రైస్ చేయకండి. అందులో పెరిగే ఒక బ్యాక్టీరియా విషం మళ్లీ వేడిచేసినా పోదు. గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, ఒక్కరోజులో తినేయండి. రాజ్మా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్ల కాగనివ్వండి. స్లో కుక్కర్‌లో పచ్చివి పడేస్తే కడుపు పాడవుతుంది. పదిమందికి పెట్టేటప్పుడు వేరుశెనగ, నువ్వులు, రొయ్యలు పడతాయా అని ముందే అడగండి.

జనవరికల్లా ఆదివారం అందరం కలిసి వండుకోవడం అలవాటైంది. ఖర్చు తగ్గింది. అలారం రోజు నన్ను తిట్టుకున్న కుర్రాడే చారు కావాలని గిన్నె పట్టుకుని వచ్చేవాడు. అప్పుడు అమ్మకి ఫోన్ చేసి, ఆ అబద్ధాల సంగతీ అలారం సంగతీ మొత్తం చెప్పేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది: "పోపుకి నూనె పొగలొచ్చేదాకా కాచమని నీకెవరు చెప్పారురా? ఒక్క ఆవగింజ వేసి చూడు. చిటపటమంటే చాలు, మంట తగ్గించి మిగతావి వెయ్యి."

ఇరవై రెండేళ్లు ఆ పోపు తిన్నాను గానీ, ఒక్కసారి కూడా పక్కన నిలబడి చూడలేదండి. మీరు వెళ్లేముందు ఒక్క వారం మీ అమ్మ పక్కనో, నాన్న పక్కనో స్టవ్ దగ్గర నిలబడండి. ఫోన్‌లో వీడియో తీసుకోండి, పర్లేదు. సూట్‌కేసులో దానికి బరువుండదు.

ఉంటానండి మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.