మే నెల ఎండకే కరిగిపోయే లోహం... మీ లొకేషన్‌కి దీనికీ ఏంటి సంబంధం?

ముందుగా ఒక ప్రశ్న. బంగారం కరగాలంటే 1064 డిగ్రీల వేడి కావాలి. ఇనుముకి 1538. మరి మన రెంటచింతల మే నెల ఎండకే కరిగిపోయే లోహం ఉందంటే నమ్ముతారా?

ఉంది. పేరు రుబీడియం. 39.3 డిగ్రీలకే కరుగుతుంది. అంటే మనకి 103 జ్వరం వచ్చినప్పుడు ఒంట్లో ఉండే వేడి దానికి చాలు!

నేను బీటెక్‌తో కెమిస్ట్రీకి నమస్కారం పెట్టేసి సాఫ్ట్‌వేర్‌కి వెళ్లినవాణ్ణి. కానీ ఈ లోహం గురించి చదువుతుంటే ఆపబుద్ధి కాలేదు.

ఎందుకంత తొందరగా కరుగుతుంది? రుబీడియం ఆటమ్‌లో 37 ఎలక్ట్రాన్లు ఉంటాయి. అందులో చిట్టచివరిది ఒకే ఒక్కటి, ఐదో షెల్‌లో, న్యూక్లియస్‌కి చాలా దూరంగా ఉంటుంది. లోహంలో ఆటమ్‌లని పట్టి ఉంచేది ఈ ఎలక్ట్రానే. దూరం పెరిగేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. ఇదే ఫ్యామిలీలో వరసగా చూడండి: లిథియం 180 డిగ్రీలు, సోడియం 98, పొటాషియం 63, రుబీడియం 39, సీజియం 28. మెట్లు దిగినట్టే ఉంది కదా!

అందుకే ఇది మెత్తగా ఉంటుంది, కత్తితో కోసేయొచ్చు. అలాగని చేత్తో ముట్టుకోకండి. చర్మం మీద తడి చాలు, కాల్చేస్తుంది. గాలి తగిలితే దానంతటదే అంటుకోగలదు. నీళ్లలో వేస్తే సోడియంలా తేలదు. నీటికంటే ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి మునుగుతూనే పేలుతుంది. అందుకే గాలి చొరబడని గాజు గొట్టాల్లో సీల్ చేసి ఉంచుతారు.

ఇప్పుడు అసలు ట్విస్ట్. ఇంత ఆవేశం ఉన్న రుబీడియం ఆ చివరి ఎలక్ట్రాన్‌ని క్లోరిన్‌కి ఇచ్చేసిందంటే, మన వంటింటి ఉప్పులాంటి తెల్లటి పొడి అయిపోతుంది. దాని పేరు రుబీడియం క్లోరైడ్. అది కరగాలంటే 718 డిగ్రీలు కావాలి! ప్లస్, మైనస్ అయాన్లు ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకుంటాయి మరి.

పేరు సంగతి కూడా చెప్పేస్తా. లోహం వెండిలా మెరుస్తుంది, కానీ రుబీడియం అనే పేరు లాటిన్‌లో ముదురు ఎరుపు అనే మాట నుంచి వచ్చింది. 1861లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో బున్సెన్, కిర్కాఫ్ లెపిడోలైట్ అనే ఖనిజాన్ని పరీక్షిస్తుంటే, స్పెక్ట్రోస్కోప్‌లో అంతవరకూ ఎవరూ చూడని ముదురు ఎరుపు గీతలు కనిపించాయి. అలా దొరికింది.

సరే, మన లొకేషన్‌కి ఏంటి సంబంధం? కొద్దిగా వేడి చేస్తే చాలు, రుబీడియం నుంచి కావలసినంత ఆవిరి వస్తుంది. చిన్న గాజు బల్బులో ఆ ఆవిరిని పెట్టి మైక్రోవేవ్ పంపిస్తారు. ఆ తరంగం సెకనుకి సరిగ్గా 683 కోట్ల 46 లక్షల 82 వేల 610 సార్లు ఊగితేనే రుబీడియం-87 ఆటమ్ స్పందిస్తుంది. ఆ ఊపులు లెక్కపెడితే అదే గడియారం! నావిగేషన్ శాటిలైట్లలో ఉండేది ఇదే. అందులో సెకనులో పది లక్షల వంతు తేడా వచ్చినా, మీ లొకేషన్ లెక్క 300 మీటర్లు తప్పుతుంది. మీరు ఇంట్లో ఉంటే, మీ ఫుడ్ పక్క వీధికి వెళ్తుంది.

ఇది మన దేశానికి అనుభవమే. 2013లో పంపిన మన మొదటి నావిక్ శాటిలైట్‌లో మూడు రుబీడియం గడియారాలు పెట్టారు, మూడూ బయటి దేశం నుంచి కొన్నవే. 2016లో మూడూ ఆగిపోయాయి. శాటిలైట్ పైనే ఉంది, కానీ లొకేషన్ లెక్కకి పనికిరాకుండా పోయింది. దాని బదులు 2017లో పంపిన శాటిలైట్ హీట్ షీల్డ్ విడిపోక పోయింది. చివరికి 2023 మే 29న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01లో, అహ్మదాబాద్‌లోని ఇస్రో సెంటర్ తయారుచేసిన రుబీడియం గడియారం పైకెళ్లింది.

రాకెట్ మనదైతే సరిపోదు ఫ్రెండ్స్, అందులో టైమ్ చెప్పేది కూడా మనదే అయ్యుండాలి. ఆ టైమ్ అంతా ఆధారపడింది, పట్టు సడలిన ఆ ఒక్క ఎలక్ట్రాన్ మీదే.

డౌట్లుంటే కామెంట్‌లో అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!