యానిమేషన్ సంఘములు: నాయకులు, కార్యకర్తలు

తెరపై బొమ్మ యొక్క సెకను కదలుటకు 24 ఫ్రేములు నడువవలెను. వానికై చిత్రములు గీయువారు ఏకాంతమున శ్రమింతురు. ప్రేక్షకుడు వారి పేరెరుగడు. అట్టివారిని ఒకచోట చేర్చుటయే యానిమేషన్ సంఘముల ప్రధానకార్యము.

1960లో ఫ్రాన్సు దేశమందలి ఆన్సీ పట్టణమున ‘అసిఫా’ అను అంతర్జాతీయ సంఘము వెలసినది. కెనడాలో కృషి సల్పిన నార్మన్ మెక్‌లారెన్ దానికి ప్రథమాధ్యక్షుడు. క్రమముగా పలుదేశములలో శాఖలు ఏర్పడినవి. 1892 అక్టోబరు 28న ఎమిల్ రేనో పారిస్‌లో కదలుబొమ్మలను తెరపై ప్రదర్శించెను. 2002 నుండి ఆ దినమును ఈ సంఘము అంతర్జాతీయ యానిమేషన్ దినముగా జరుపుచున్నది.

హాలీవుడ్ శాఖలో, బొమ్మలకు గొంతునిచ్చిన నటీమణి జూన్ ఫోరే పూనికతో 1972లో ‘ఆనీ’ బహుమతులు ఆరంభమైనవి. 1995 నుండి ఆమె పేర మరియొక బహుమతియు కలదు. అది చిత్రమునకు గాక, ఈ కళకు చేసిన పరోపకారమునకు ఈయబడును.

మన హైదరాబాదునందును ఇట్టి కృషి జరిగినది. 2008లో ‘ఛోటా భీమ్’ను ప్రేక్షకులకందించిన రాజీవ్ చిలక, తెలంగాణ వి.ఎఫ్.ఎక్స్., యానిమేషన్, గేమింగ్ సంఘమునకు అధ్యక్షత వహించిరి.

నాయకుల పేర్లు చరిత్ర కెక్కును. ఆహ్వానములు పంపి, కుర్చీలు సర్ది, ప్రతిఫలము కోరక సభను నడుపు కార్యకర్తల పేర్లు ఎక్కవు. సంఘము నడుపుట యెట్టిదో యెరిగిన మన తెలుగువారికి వారి విలువ వేరుగ చెప్పనక్కరలేదు. ఫ్రేములు లోపించిన బొమ్మ కదలదు. వారు లేని సంఘమును అట్టిదే.