అద్దె పుచ్చుకున్నాక తలుపు ఎవరిది?

ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే దారిలో ఉన్న కల్లూరు, 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసినప్పుడు రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. ఆఫీసులు, బ్యాంకులు, బడులు ఉన్న చోటికి బదిలీల మీద వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. చుట్టుపక్కల పల్లెల నుంచి, అడవి అంచు ఊళ్ల నుంచి పిల్లల చదువు కోసం దిగేవాళ్లూ ఉంటారు. వీళ్లలో చాలామందికి అద్దె ఇల్లే దిక్కు. ఇలాంటి ఊళ్లలో అద్దె ఇల్లంటే ఓనరు మొహం ఏడాదికోసారి కనిపించే నగరం ఫ్లాటు లాంటిది కాదు. కింద ఓనరు కుటుంబం, పైన అద్దెకున్నవాళ్లు ఉంటారు. లేదంటే ఒకే వరస గదుల్ని రెండు పోర్షన్లుగా విడగొట్టి ఉంటారు. గేటు ఒకటే, బోరు మోటారు ఒకటే, డాబా మెట్లు ఒకటే. సబ్ మీటరు అద్దె పోర్షన్ వరండాలో ఉంటుంది, వాటర్ ట్యాంకు వాల్వు వాళ్ల వంటింటి వెనక ఉంటుంది. రీడింగ్ చూడాలన్నా, వాల్వు తిప్పాలన్నా అద్దెవాళ్ల గడప దాటాల్సిందే. అందుకే "ఏమ్మా, ఉన్నారా?" అన్న పిలుపు చాలాసార్లు మనిషి హాల్లోకి వచ్చాకే వినిపిస్తుంది. ఎవరైనా మొహమాటం వదిలి అడిగితే వచ్చే జవాబు కూడా తెలిసిందే: "నా ఇంట్లోకి నేను రావడానికి పర్మిషనేంటి?"

ఆ జవాబులో సగం నిజం ఉంది. కాగితాలు ఆయన పేరునే ఉన్నాయి, ఇంటిపన్ను ఆయనే కడతాడు, బ్యాంకు లోను ఆయన నెత్తినే ఉంది. ఇల్లు కట్టి చూడమన్న సామెత ఊరికే పుట్టలేదు. అయితే ఆయన అద్దెకిచ్చింది ఇటుకల్ని కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 105వ సెక్షన్ ప్రకారం లీజు అంటే స్థిరాస్తిని అనుభవించే హక్కును బదిలీ చేయడం. ఇంటి విషయంలో అనుభవించడమంటే తల ఆరబెట్టుకుంటూ, పసిపిల్లకు పాలిస్తూ, మొగుడూపెళ్లాలు మాటామాటా అనుకుంటూ, ఇవాళ ఏం కూరో ఎవరికీ చెప్పాల్సిన పని లేకుండా బతకడం. తలుపు వేసుకునే వీలు లేని గదికీ బస్టాండు బెంచీకీ పెద్ద తేడా లేదు. నెలనెలా అద్దె కట్టేది ప్రధానంగా ఆ వీలు కోసమే. అద్దె పుచ్చుకుంటూనే చెప్పకుండా లోపలికొచ్చే ఓనరు, అమ్మిన సరుకులో కొంత తన దగ్గరే అట్టిపెట్టుకుంటున్నట్టు లెక్క. ఈ సంగతిని మర్యాద కింద జమకట్టి వదిలేస్తున్నాం గానీ, ఇది ఇచ్చిపుచ్చుకునే బేరానికి సంబంధించిన విషయం.

చట్టం కూడా దీన్ని బేరంగానే చూస్తుంది. అదే చట్టం 108వ సెక్షన్‌లో ఓనరుకూ అద్దెదారుకూ ఉండే హక్కులు, బాధ్యతలు వరసగా ఉన్నాయి. అద్దె కడుతూ షరతులు పాటించినంత కాలం అద్దెదారు ఆటంకం లేకుండా ఆస్తిని తన స్వాధీనంలో ఉంచుకోవచ్చని ఓనరు మాట ఇచ్చినట్టే భావించాలని ఒక క్లాజు చెబుతుంది. కాగితం మీద రాయకపోయినా ఆ మాట ఇచ్చినట్టే. ఓనరు వైపు వాదించేవాళ్లకూ అదే సెక్షన్‌లో ఒక ఆధారం ఉంది. ఇంటి పరిస్థితి చూసుకోవడానికి, పాడైందేమైనా ఉంటే చెప్పడానికి ఓనరునో ఆయన మనుషుల్నో సహేతుకమైన వేళల్లో అద్దెదారు లోపలికి రానివ్వాలి. ఈ రెండు క్లాజుల్నీ కలిపి చదివితేనే అసలు సంగతి బోధపడుతుంది. ఓనరుకు వచ్చే హక్కు ఉంది, కానీ ఒక పని కోసం, తగిన వేళలో మాత్రమే. రానివ్వాల్సిన బాధ్యత అద్దెదారుదని చెప్పడంలోనే తలుపు అద్దెదారు చేతిలో ఉందన్న ఒప్పుకోలు ఉంది. ఇంకో విషయాన్ని జనం గమనించరు. ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ వేరేగా లేనప్పుడే ఈ నియమాలు వర్తిస్తాయని 108వ సెక్షన్ మొదట్లోనే ఉంది. అంటే ఊళ్లో నడిచే వాడుకకు చట్టమే చోటిచ్చింది. చెప్పకుండా వచ్చే అలవాటును "మన ఊళ్లలో అంతే" అని వదిలేస్తూ పోతే, అది రేపు ఆచారమని చెప్పుకునేంతగా ముదురుతుంది.

ఇల్లు ఎవరిదన్నది ఒకటి, లోపల బతికే మనిషి ఏకాంతం ఎవరిదన్నది మరొకటి. మన సుప్రీంకోర్టు ఈ తేడా దగ్గరికి మెల్లగా వచ్చింది. ఆ దారిలో తెలుగువాళ్ల పేర్లు, తెలుగునేల కేసులు కనిపిస్తాయి. ఉత్తరప్రదేశ్‌లో ఖడక్ సింగ్ అనే వ్యక్తి ఇంటికి పోలీసులు రాత్రిళ్లు వచ్చి తలుపు కొట్టేవాళ్లు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి తనిఖీల్ని కొట్టేసింది గానీ, ఏకాంతం ప్రాథమిక హక్కేమీ కాదని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా చేసిన కోకా సుబ్బారావు, జస్టిస్ షా ఒప్పుకోలేదు. వ్యక్తి స్వేచ్ఛలో ఏకాంతం విడదీయరాని భాగమని వాళ్ల వాదం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ మైనారిటీ మాటనే నిలబెట్టింది. నడుమ 2004లో హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కెనరా బ్యాంకు కేసు వచ్చింది. స్టాంపుల చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ప్రకారం, కలెక్టరు అధికారమిచ్చిన మనిషి ఎవరైనా ప్రైవేటు ఆవరణల్లోకి వెళ్లి కాగితాలు తనిఖీ చేసే వీలుండేది. కోర్టు దాన్ని కొట్టేస్తూ, ఏకాంతం మనుషులకు సంబంధించిందే తప్ప చోట్లకు సంబంధించింది కాదని తేల్చింది. అద్దె ఇంటి తగువుకు ఇంతకన్నా సూటిగా పనికొచ్చే మాట మరొకటి లేదు. చోటు పరాయివాళ్లదైనంత మాత్రాన అందులో ఉన్న మనిషి ఏకాంతం పరాయిదైపోదు.

ఇక్కడ కొంచెం ఆగాలి. ప్రాథమిక హక్కులు ముఖ్యంగా ప్రభుత్వం మీద పట్టుకునే కళ్లెం. ఓనరు ప్రభుత్వం కాదు. వంటింట్లోకి తొంగిచూసిన ఓనరు మీద పుట్టస్వామి తీర్పు పట్టుకుని సుప్రీంకోర్టుకు పోవడం మామూలుగా అయ్యే పని కాదు. క్రిమినల్ చట్టం కొంత అండగా నిలుస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ అక్రమ ప్రవేశం గురించి చెప్పేటప్పుడు ఆస్తి ఎవరి సొంతమని అడగదు, ఎవరి స్వాధీనంలో ఉందని అడుగుతుంది. ఇంట్లోకి అక్రమంగా ప్రవేశిస్తే ఏడాది దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అయితే వచ్చినవాడికి నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, చికాకు పెట్టాలనో ఉద్దేశం ఉందని రుజువు కావాలి. కుళాయి చూద్దామని వచ్చిన పెద్దమనిషి మీద ఈ సెక్షన్ నిలవదు, నిలవకూడదు కూడా. ఇక అద్దెల కోసమే ఉన్న 1960 నాటి చట్టం తెలంగాణలో పేరుకు ఉంది. అది పల్లెలకు దానంతటదే వర్తించదు. కార్పొరేషన్లు కాని చోట్ల అద్దె నెలకు 2,000 రూపాయలు దాటిన ఇళ్లను 2005 నాటి సవరణే దాని పరిధిలోంచి తీసేసింది. ఈ రోజుల్లో 2,000 లోపు అద్దెకు కల్లూరు లాంటి చోట కూడా కుటుంబం ఉండగలిగే పోర్షన్ దొరకడం కష్టమే.

"మేం అద్దెవాళ్లని పరాయిగా చూడం, ఇంట్లోవాళ్లలా కలుపుకుపోతాం, మనలో మనకి ఈ నోటీసులేమిటి" అన్నది మనవైపు గట్టిగా వినిపించే అభ్యంతరం. తేలిగ్గా కొట్టిపారేసే మాటేమీ కాదిది. కొత్త ఊళ్లో దిగిన కుటుంబానికి జ్వరమొచ్చినా, పిల్లాడు బడి నుంచి రావడం ఆలస్యమైనా ఆదుకునేది ఓనరు ఇల్లాలే. కానీ బంధుత్వంలో రాకపోకలు రెండువైపులా ఉంటాయి. అద్దెకున్నావిడ పిలవకుండా ఓనరమ్మ బెడ్‌రూంలోకి పోయి బీరువా పక్కన కూర్చోగలదా? పోలేదు, పోదు. చనువు ఒకవైపే నడుస్తోందంటే అది చనువు ముసుగేసుకున్న పెత్తనం. ఆ పెత్తనం దేనికన్నది కూడా తెలియనిదేం కాదు. ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడే "మీరేమిటోళ్లు?" అని అడుగుతారు, "నీచు వండకూడదు" అంటారు. ఆ తర్వాత వంటింట్లోకి వచ్చే ప్రతి రాకలోనూ ఆ షరతు సాగుతోందా లేదా అన్న సోదా ఎంతో కొంత ఉంటుంది. అద్దెకున్న మనిషి చనిపోతే శవాన్ని ఇంట్లోకి రానివ్వక వీధిలోనే ఉంచిన కుటుంబాల గురించి తెలంగాణ పత్రికల్లో ఎన్నోసార్లు వార్తలొచ్చాయి. "ఇంట్లోవాళ్లే" అన్న మాట అంతటి రోజున నిలవకపోతే, మామూలు రోజున తలుపు తోసుకు రావడానికి దాన్ని వాడుకోకూడదు.

భయం నుంచి పుట్టే అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఇంట్లో పేకాటో గంజాయో దొరికితే పోలీసులు తన గుమ్మం తొక్కుతారని ఓనరు దిగులు. ఆ భయం సహజమే. కానీ ఇంట్లో దిగేముందే గుర్తింపు కాగితాలు తీసుకోవచ్చు, ఉద్యోగం చేసే చోట వాకబు చేయవచ్చు, అనుమానం వస్తే పోలీసులకు చెప్పవచ్చు. ఎప్పుడో ఒకసారి హఠాత్తుగా తలుపు తోసి చూస్తే దొంగపని దొరకడం అరుదు. దొరికేది స్నానం చేసి వస్తున్న ఆడమనిషి. ఒంటరిగా అద్దెకుండే నర్సు, టీచరు, చదువుకునే ఆడపిల్ల విషయంలో "వాళ్ల మంచికే కనిపెట్టి ఉంటున్నాం" అనే మాట మరీ ప్రమాదకరం. ఏకాంతం ఆశించే చోట ఆడవాళ్లను దొంగచాటుగా చూడటం, ఫొటోలు తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా శిక్ష. ఆ సెక్షన్‌లోనూ ఇల్లు ఎవరి పేరున ఉందన్న ప్రస్తావన లేదు.

పైపు పగిలితే, కరెంటు వైరు కాలుతుంటే ఎవరూ అనుమతి కోసం ఆగమనరు. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ లెక్క చక్కగా తేల్చింది. మరమ్మతుకో తనిఖీకో రావాలంటే 24 గంటల ముందు రాతలోనో ఫోన్ మెసేజ్ లాంటి ఎలక్ట్రానిక్ పద్ధతిలోనో రోజు, వేళ, కారణం చెప్పాలి. పొద్దు పొడవకముందు, పొద్దు గూకాక రాకూడదు. అగ్నిప్రమాదం, వరద లాంటి ఆపదల్లో మాత్రం ముందస్తు కబురు అక్కర్లేదు. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టాల్లో తెచ్చుకుంటేనే అమలవుతుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ 24 గంటల లెక్క కొత్త కాదు. కాలిఫోర్నియాలో సాధారణంగా అంత గడువివ్వాలని చట్టమే ఉంది. మనవాళ్లు బోలెడుమంది ఉన్న డల్లాస్ టెక్సాస్‌లో ఉంది. అక్కడ అలాంటి ప్రత్యేక చట్టం లేదు, లీజు కాగితంలో ఏం రాసుకుంటే అదే. మనకు దగ్గరి పోలిక టెక్సాసే. చట్టం పలకని చోట ఒప్పందం పలకాలి.

మన ఒప్పందాల్లో ఉండేదేమిటి? స్టాంపు పేపరు మీద పదకొండు నెలల గడువు, అడ్వాన్సు, ప్రతి నెలా ఎన్నో తారీఖులోగా అద్దె, ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చు. అదీ లేకుండా నోటిమాట మీద నడిచేవే ఎక్కువ. నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసిస్తే ఓనరు ఖాళీ చేయమని అడగవచ్చని చట్టమే అంటోంది కాబట్టి, మధ్యలో నోరు విప్పే ధైర్యం అద్దెదారుకు ఉండదు. అడగాల్సిన వేళ అడ్వాన్సు చేతులు మారే రోజే. పాత ఇళ్లలో గొళ్ళానికి అద్దెవాళ్లు సొంత తాళంకప్ప వేసుకునేవాళ్లు. కొత్త ఇళ్లలో తలుపుకే బిగించిన తాళానికి రెండు మూడు చెవులొస్తాయి, ఒకటి ఓనరు దగ్గరే ఉండిపోతుంది. కాబట్టి కాగితంలో రెండు వాక్యాలు రాయించుకోండి: "ఆపద వేళల్లో తప్ప, ఒక రోజు ముందు చెప్పి, పగటి పూట, అద్దెదారు ఇంట్లో ఉన్నప్పుడే యజమాని లోపలికి రావాలి. డూప్లికేట్ తాళంచెవి ఆపద కోసమే, వాడితే వెంటనే కబురు చేయాలి." టు-లెట్ బోర్డు పెట్టాక కొత్తవాళ్లకు ఇల్లు చూపించడానికి కూడా ఇదే పద్ధతి. మీటరు, వాల్వు అద్దె పోర్షన్‌లో ఉంటే వాటిని బయటికి మార్పించే ఖర్చు ఓనరు పెట్టుకోవడం న్యాయం. ఇంత చిన్న షరతుకు ఒప్పుకోని ఓనరు అద్దె ఎంత తక్కువ చెప్పినా, వీలైతే పక్క వీధిలో ఇంకో ఇల్లు చూసుకోండి.