వరద తీరంలో వాణిజ్య భవనాల నిలకడ: పట్టిసీమ పరిశీలన

వీరభద్రస్వామి దర్శనానికి పడవలో వెళ్ళే భక్తులు పట్టిసీమ వ్యాపారానికి ముఖ్య ఆధారం. గోదావరికి వరద వస్తే పడవలు ఆగుతాయి, రాబడి ఆగుతుంది. అప్పు వాయిదా మాత్రం ఆగదు. అందువల్ల ఇక్కడ వాతావరణ, విద్యుత్, ఆర్థిక ముప్పులను విడివిడిగా చూడలేం.

దిగువన ధవళేశ్వరం వద్ద వరద ప్రవాహం 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఇంధన పరిరక్షణ భవన నియమావళి–2017 ప్రధానంగా 100 కిలోవాట్లు, ఆపైన విద్యుత్ లోడు గల వాణిజ్య భవనాలకు ఉద్దేశించినది. చిన్న లాడ్జీలు, దుకాణాలు సాధారణంగా దాని పరిధిలోకి రావు. పైగా దాని లక్ష్యం విద్యుత్ పొదుపే గాని వరద రక్షణ కాదు.

కనుక మీటరు, స్విచ్‌బోర్డు, జనరేటర్‌లను 1986 నాటి స్థానిక వరద మట్టానికి పైన అమర్చడం తొలి జాగ్రత్త. 2021లో వచ్చిన ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ బీమా 5 కోట్ల రూపాయల వరకు విలువగల వ్యాపార ఆస్తులకు వరద నష్టం నుంచి రక్షణ కల్పిస్తుంది. అయితే ఆస్తినష్టానికి పరిహారం అందినా మూతపడిన రోజుల రాబడి తిరిగి రాదు. నీరు తీసిన వెంటనే తలుపులు తెరవగలగడమే చిన్న వాణిజ్య భవనానికి అసలైన నిలకడ.